ఒక రోడ్డు పేరు పెట్టుకున్న సీమ

ఉత్తర ఇటలీలో పో నదికీ అపెన్నైన్ కొండలకూ నడుమ బల్లపరుపు మైదానం ఉంది. ఆ మైదానంలో కొండల పాదాల వెంబడి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా ఒక రోడ్డు, పెద్దగా వంపు తిరగకుండా సాగిపోతుంది. క్రీస్తు పూర్వం 187లో మార్కస్ ఎమీలియస్ లెపిడస్ అనే రోమన్ కాన్సుల్ దాన్ని వేయించాడు. సముద్రం ఒడ్డున రిమినీలో మొదలై, పో నది పక్కన పియాచెంజాలో ముగుస్తుంది. వేయించినవాడి పేరు మీద వియా ఎమీలియా అన్నారు. తర్వాత ఆ రోడ్డు పేరు సీమకు వచ్చింది, సీమ పేరు జనానికి వచ్చింది, చివరికి వాళ్ళు మాట్లాడే భాషకూ అదే పేరు స్థిరపడింది. ఏ రాజు పేరో, తెగ పేరో, నది పేరో కాకుండా ఒక రోడ్డు పేరుతో బతికే ప్రజ లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో, నేనైతే వినలేదు.

మా అన్నయ్య కూతురు ఈ రోడ్డు మీదే ఉన్న బొలోన్యాలో మాస్టర్స్ చదువుతోంది. జూన్‌లో తన పరీక్షలయ్యాక రమ్మంటే వెళ్ళాను. రోమ్, వెనిస్ చూపిస్తానంది. నేను మాత్రం ఈ రోడ్డు పట్టుకుని ఊరూరూ తిరుగుదామన్నాను. అందుకు కారణం ఉంది. బళ్ళో తెలుగు చెప్పిన రోజుల్లో, మన భాషను 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అంటారనీ, రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ పేరొచ్చిందనీ ఏటా పిల్లలకు చెప్పేదాన్ని. ఒకసారి ఫోన్లో ఈ పిల్ల, "అత్తా, మా ఓనరమ్మ వాళ్ళ చెల్లెలితో మాట్లాడేటప్పుడు మాటలన్నీ హల్లు దగ్గర టక్కున ఆగిపోతాయి. అడిగితే అది ఇటాలియన్ కాదు, మా భాష అంది" అని చెప్పింది. ఇటలీ నడిబొడ్డున అజంతం కాని భాషా! వినాలనిపించింది.

మొదట రైల్లో నేరుగా పియాచెంజా చివరికి పోయి, అక్కడి నుంచి వెనక్కి ఒక్కో ఊళ్ళో దిగుతూ బొలోన్యా వైపు వచ్చాం. జూన్‌లో పో మైదానంలో ఆకు కదలదు. పగలంతా తడి ఉక్క, పొద్దుగూకితే దోమలు. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఇబ్బంది అనిపించలేదు గానీ, యూరప్‌లో ఇలాంటి ఉక్క ఉంటుందని మా వాళ్ళెవరికి చెప్పినా నమ్మరు.

పియాచెంజాలో ఫర్నేసే ప్రభువుల కోట ఇప్పుడు మ్యూజియం. దాంట్లో ఒక గదిలో, ఒక గాజు పెట్టెలో, అరచేతిలో పట్టేంత కంచు వస్తువు ఉంది. గొర్రె కార్జం ఆకారంలో పోత పోశారు. 1877లో ఊరి పక్కన పొలం దున్నుతున్న రైతుకు నాగలి కింద దొరికింది. దాని మీద గీతలు గీసి గడులు చేసి, గడిగడికీ ఒక దేవుడి పేరు, రోమన్‌లకు ముందు ఇటలీలో ఉన్న ఎట్రుస్కన్‌ల లిపిలో చెక్కారు. బలి ఇచ్చిన గొర్రె కార్జం తీసి, ఏ భాగంలో మచ్చ ఉంటే ఏ దేవుడికి కోపమొచ్చిందో చూసి శకునం చెప్పే పూజారులకు ఇది నమూనా. పిత్తాశయం ఉబ్బెత్తుగా, వేలితో తడిమితే తెలిసేట్టు చేశారు. రెండు వేల ఏళ్ళకు పైబడిన వస్తువు. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరలేదు. అక్కడి గైడమ్మ కుర్చీ తెచ్చి వేసింది.

ఎమీలియా మనుషులు ఎవరి సంతతి అని అడిగితే ఒక్క ముక్కలో తేలదు. ఎట్రుస్కన్‌లు అందులో ఒక పాయ. నేటి బొలోన్యా ఆ ఎట్రుస్కన్‌ల కాలంలో ఫెల్సీనా అనే పెద్ద పట్నం. అంతకు ముందటి ఇనుప యుగపు మనుషుల బూడిద కుండలు 1853లో బొలోన్యా పక్కన విల్లనోవాలో బయటపడ్డాయి. వాళ్ళు ఎట్రుస్కన్‌లకు పూర్వరూపం అంటారు. అంతకు వెనక్కి పోతే కంచు యుగంలో ఈ మైదానంలోనే గుంజల మీద ఇళ్ళు కట్టుకుని, చుట్టూ కందకం తవ్వుకుని ఉన్నవాళ్ళ ఊళ్ళు. ఆ పాటి దిబ్బల మట్టి నల్లగా, సారవంతంగా ఉండేది. 19వ శతాబ్దంలో రైతులు దాన్ని ఎరువుగా తవ్వి బళ్ళకెత్తి అమ్ముకున్నారు. ఆ మట్టిలో కుండ పెంకులు, కొమ్ము దువ్వెనలు కనబడితే గయెతానో కియెరీచి అనే రెజ్జో ఊరి ఫాదరీ ఒక్కొక్కటీ ఏరి భద్రం చేశాడు. రెజ్జో మ్యూజియంలో ఆయన పేర్చిన అల్మారాలు ఆయన పేర్చినట్టే ఇప్పటికీ ఉన్నాయి, చేతిరాత చీటీలతో సహా.

క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో ఆల్ప్స్ అవతలి నుంచి బోయీ అనే గౌల్ తెగ వచ్చి ఇక్కడ కుదురుకుంది. చెక్ దేశంలోని బొహీమియాకు ఆ పేరు కూడా ఈ తెగ వల్లే వచ్చింది. రోమ్ వాళ్ళతో తరాల తరబడి కొట్లాడి, క్రీస్తు పూర్వం 191లో ఓడిపోయారు. ఆ బోయీల భూమిలో సగం రోమ్ లాక్కుంది. రెండేళ్ళకు బొలోన్యాలో, ఆ తర్వాత పార్మాలో, మోదెనాలో దక్షిణాది నుంచి కుటుంబాలను తెచ్చి దించింది. మధ్యలో 187లో రోడ్డు. అంటే ఈ రోడ్డు పుట్టింది ఒక ప్రజ చేతిలోంచి నేల లాక్కుని ఇంకొకరికి పంచడం కోసం. ఇది మర్చిపోయి రోడ్డు అందాన్ని మాత్రమే పొగడటం నాకు చేతకాదు.

ఆ పంపకం గుర్తులు ఈనాటికీ చెరిగిపోలేదు. రైల్లో మా అమ్మాయి ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచి చూపించింది. పొలం గట్లు, కాలవలు, డొంకదారులు అన్నీ కలిసి చదరాలుగా కనబడ్డాయి. ఒక్కో చదరం భుజం సుమారు 710 మీటర్లు. రోమన్ సర్వేయర్లు కొలిచి వాటాలు వేసిన గడులవి. ఇరవై రెండు వందల ఏళ్ళుగా రైతులు అదే గట్టు మీద నడుస్తున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తే మొక్కజొన్న, టమాటా, పశువుల మేతకు వేసిన అల్ఫాల్ఫా. వాటి పక్క నీళ్ళ కాలవ ఎక్కడా వంకర లేకుండా పోతోంది.

గౌల్‌లు ఎక్కడికీ పోలేదు. చాలామంది ఇక్కడే ఉండి లాటిన్ నేర్చుకున్నారు. ఆ నోళ్ళలో పడ్డ లాటిన్ తన దారి తాను పట్టింది. అందుకే ఇక్కడి భాషను పండితులు గాలో-ఇటాలిక్ అంటారు, అంటే గౌల్ వాసన ఉన్న ఇటలీ భాష. మిలాన్, తురీన్, జెనోవా మాటలు కూడా ఈ కుటుంబానివే. ఆ పక్కన లా స్పెత్సియా నుంచి ఈ పక్కన రిమినీ వరకు అపెన్నైన్ కొండల మీదుగా ఒక గీత గీసుకుంటే, గీతకు ఉత్తరాన ఉన్నవి ఫ్రెంచికి దగ్గరగా, దక్షిణాన ఉన్నవి మనకు తెలిసిన ఇటాలియన్‌కు దగ్గరగా ఉంటాయి. పియాచెంజా బజారులో పళ్ళమ్మే పెద్దాయన మాట్లాడుతుంటే పెదాలు సున్నాలా చుట్టి పలికే ఫ్రెంచి 'ఉ' స్పష్టంగా వినబడింది. బొలోన్యాకు చేరేసరికి ఆ ధ్వని మాయమైంది. నూట యాభై కిలోమీటర్లలో, ఒకే రోడ్డు మీద!

పార్మాకు కావాలనే జూన్ 23 సాయంత్రానికి చేరేట్టు చూసుకున్నాం. ఆ రాత్రి సాన్ జొవాన్ని పండగ. వాళ్ళ నోట అది సాన్ జ్వాన్. ఊరంతా బయట బల్లలు వేసుకుని, ఆ రాత్రి కురిసే మంచు ఒంటి మీద పడితే మంచిదని నమ్మి, ఆరుబయటే భోంచేస్తారు. తినేది తొర్తెల్లి దెర్బెత్తా. పల్చటి పిండి రేకులో రికోత్తా జున్ను, ఆకుకూర కలిపి నింపి, చతురస్రంగా నొక్కి, ఉడికించి, కరిగిన వెన్నలో ముంచి, పైన పార్మిజానో జున్ను తురుము కప్పేస్తారు. పోర్క్ లేని వంటకం దొరకడం ఈ సీమలో అదృష్టమే, కాబట్టి నేను మొహమాటపడకుండా మారు వడ్డించుకున్నాను. మా బల్ల దగ్గరున్న పెద్దావిడ మా అమ్మాయితో ఇటాలియన్‌లో మర్యాదగా మాట్లాడి, పక్కనున్న భర్తకు వెన్న తక్కువైందని చెప్పడానికి మాత్రం పార్మా మాటలోకి మారింది. నాకు అర్థమైందా అంటే అర్థం కాలేదు. కానీ ఏది పైకి మాట్లాడే భాష, ఏది ఇంట్లో భాష అన్నది గొంతులోనే తెలిసిపోయింది.

"మీరు ఎమీలియా వాళ్ళా?" అని ఆవిడను అడిగించాను. "పార్మా వాళ్ళం" అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. తర్వాత రెజ్జోలో, మోదెనాలో, బొలోన్యాలో అడిగినా అంతే, ఎవరి ఊరు వాళ్ళు చెప్పారు. దీనికి చరిత్రలో కారణముంది. పార్మా, పియాచెంజా ఒక డ్యూకుకింద ఉండేవి, 1545 నుంచి ఫర్నేసేలకు, ఆ తర్వాత బూర్బోన్‌లకు. మోదెనా, రెజ్జో ఎస్తే వంశానివి. బొలోన్యా, ఫెరారా పోపుగారివి. ఒక ఊరి నుంచి పక్క ఊరికి పోవాలంటే సుంకం కట్టాలి, నాణెం మారాలి. 1859–60లో ఈ ముక్కలన్నిటినీ ఏకం చేసిన లుయీజి కార్లో ఫారీని, ఎవరికీ కోపం రాని పేరు కోసం ఆ పాత రోమన్ రోడ్డు పేరును బయటికి తీశాడు. భాషకు ఈ పేరు పెట్టింది అంతకు కొద్దిగా ముందే, 1853లో, బెర్నర్దీనో బియొందెల్లి అనే పండితుడు. అంటే మాట్లాడేవాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. వాళ్ళ లెక్కలో ఎమీలియన్ అనే భాష లేదు. పార్మా మాట ఉంది, రెజ్జో మాట ఉంది, బొలోన్యా మాట ఉంది.

ఊరి పేర్లనే చూడండి. మోదెనా వాళ్ళ నోట మోద్నా. ఫెరారా వాళ్ళకు ఫ్రారా. రెజ్జో అయితే ఏకంగా రెజ్. నడుమ అచ్చులు, చివరి అచ్చులు నమిలి మింగేసి, ఒత్తి పలికే అచ్చును మాత్రం మిగుల్చుకున్నారు.

రెజ్జో ఎమీలియా దగ్గరి పల్లెలో జున్ను కార్ఖానా చూడటానికి తెల్లవారకముందే బయల్దేరాం. పార్మిజానో రెజ్జానో పేరు పెట్టాలంటే ఆవులు పార్మా, రెజ్జో, మోదెనా జిల్లాల్లోనూ, రేనో నదికి ఎడమవైపు బొలోన్యా నేలలోనూ, పోకు కుడివైపు మాంతొవా నేలలోనూ మేసినవే అయ్యుండాలి. మా వీధి చివర సూపర్ మార్కెట్లో డబ్బా పొడిగా దొరికేదానికీ దీనికీ పోలికే లేదు. ముందు రోజు సాయంత్రం పాలు రాత్రంతా నిలవ ఉంచి పైన మీగడ తీసేస్తారు. పొద్దుటి పాలు అలాగే కలుపుతారు. గంట బోర్లించినట్టుండే లోతైన రాగి కాగుల్లో పోసి, నిన్నటి జున్ను నీళ్ళు తోడుగా వేసి, దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో విరగ్గొడతారు. శాకాహారులు గమనించాలి. విరిగిన పాలను పెద్ద తీగల కవ్వంతో బియ్యపు నూక అంత పలుకులుగా కొట్టి, 55 డిగ్రీల దాకా కాచి వదిలేస్తే అడుగున ముద్ద కడుతుంది. ఇద్దరు మనుషులు తెడ్డుతో దాన్ని పైకి తేల్చి, నారబట్టలో మూట కట్టి, కత్తితో రెండుగా కోశారు. ఆ రెంటినీ కవలలంటారు. ఒక్కో చక్రానికి దాదాపు 550 లీటర్ల పాలు, ఆరితే బరువు 40 కిలోల పైచిలుకు. ఏడాది నిండకుండా అమ్మకానికి పంపరు. ఆ గదిలో పచ్చిపాల ఆవిరి, తడి రాగి, ఉప్పు నీళ్ళు కలిసిన వాసన నా పైట నుంచి మర్నాటికీ పోలేదు.

అక్కడ పాలు తెచ్చి దింపుతున్న మనిషి పగిడీ కట్టుకుని ఉన్నాడు. జలంధర్ దగ్గరి పల్లె. ఈ సీమ పశువుల కొట్టాల్లో పంజాబీలు చాలామంది పనిచేస్తున్నారు. స్థానికులు వదిలేసిన పని వీళ్ళు అందుకోకపోతే ఈ జున్ను ఎక్కడిదని ఇక్కడివాళ్ళే ఒప్పుకుంటారు. నాకొచ్చిన హిందీలో పలకరిస్తే ఆయన పని అయ్యేదాకా ఆగమని, తర్వాత తీరిగ్గా మాట్లాడాడు. మొదట్లో ఆయనకు ఇటాలియన్ రాదు, ముసలి యజమానికి ఇటాలియన్ మాట్లాడటం ఇష్టం లేదు. దాంతో ఆయనకు ముందు వంటబట్టింది రెజ్జో మాట. "ఆవులకు ఇటాలియన్ అర్థం కాదు బెహన్‌జీ, ఆ పెద్దాయన దూడల్ని పిలిచినట్టే నేనూ పిలవాలి" అన్నాడు. యజమాని మనవళ్ళకు రాని ఆ మాటలు ఈయనకు వచ్చు. వయసు ముదిరిన ఒక భాష పశువుల కొట్టంలో ఒక పరాయి దేశస్థుడి నోట నిలిచి ఉండటం నన్ను కదిలించింది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు కూడా. పూర్వం చలికాలం రాత్రుళ్ళు ఇక్కడి రైతులు పశువుల కొట్టంలోనే, వాటి ఒంటి వెచ్చదనంలో చేరి కథలు చెప్పుకునేవాళ్ళు, ఆడవాళ్ళు వడికేవాళ్ళు. దాన్ని ఫిలోస్ అనేవాళ్ళు. భాష ఎదిగిందే ఆ కొట్టాల్లో.

ఆయనే మమ్మల్ని నొవెల్లారా గురుద్వారాకు వెళ్ళమన్నాడు. 2000లో, అప్పుడు యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడుగా ఉన్న రొమానో ప్రోది దాన్ని ప్రారంభించాడు. ప్రోది ఈ జిల్లావాడే. మొక్కజొన్న చేల మధ్య తెల్లటి గుమ్మటాలు. లంగర్‌లో రొట్టె, పప్పు, ఖీరు పెట్టారు. చాన్నాళ్ళకు ఘాటు తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది.

మోదెనాలో ఎక్కువసేపు ఉండలేదు. 1099లో మొదలుపెట్టిన కెతీడ్రల్ గోడ మీద విలిజెల్మో చెక్కిన ఆదాము హవ్వలు ఎముకల బరువు తెలిసేట్టు నిలబడి ఉన్నారు. పక్కనే గిర్లందీనా గోపురం. దానిలో ఒక చెక్క బకెట్టు వేలాడుతుంటుంది. 1325లో జప్పొలీనో దగ్గర మోదెనా వాళ్ళు బొలోన్యా సేనను తరిమికొట్టి, తిరిగొస్తూ బొలోన్యా ఊరి బయట బావి దగ్గర బకెట్టు ఎత్తుకొచ్చారు. అసలుది మునిసిపల్ భవనంలో దాచారు, గోపురంలో ఉన్నది నకలు. ఏడు వందల ఏళ్ళు అయింది. బొలోన్యా వాళ్ళు ఇవ్వమని ఇప్పటికీ సరదాగా అడుగుతుంటారు, వీళ్ళు ఇవ్వరు. ఏటా కార్నివాల్ గురువారం నాడు సంద్రోనే అనే పల్లెటూరి రైతు వేషగాడు అదే భవనం బాల్కనీలో నిలబడి ఊరి పెద్దల్ని మోదెనా యాసలో ఏకిపారేస్తాడట. అది చూడ్డానికే ఒక ఫిబ్రవరిలో రావాలనిపించింది.

ఇక బొలోన్యా. మా అమ్మాయి ఇంటి ఓనరమ్మకు ఎనభై దాటాయి. రోజూ పొద్దున మూడంతస్తులు దిగి బజారుకు పోతుంది. మా అమ్మాయిని 'చిన్నా' అని పిలుస్తుంది. మన చిన్నా కాదు, బొలోన్యాలో చిన్న పిల్లవాణ్ణి చిన్నో అనీ పిల్లను చిన్నా అనీ అంటారు. ఊరికే కుదిరిన పోలికే అయినా, వేల మైళ్ళ దూరంలో మా పిల్లను ఎవరో చిన్నా అని పిలుస్తుంటే చెవికి ఎంత హాయిగా ఉందో.

నేను భాష టీచర్నని తెలిసి ఆవిడకు హుషారు వచ్చింది. వంటింటి బల్ల మీద పిండి చల్లి, మీటరు పొడవున్న కర్రతో రేకు ఒత్తుతూ పాఠం మొదలెట్టింది. పువ్వు ఇటాలియన్‌లో ఫియోరె, పువ్వులు ఫియోరి. చివరి అచ్చు మారితే బహువచనం. మరి వీళ్ళు చివరి అచ్చు పారేశారు కదా, ఒకటికీ పదికీ తేడా ఎలా? పువ్వు అంటే ఫ్యౌర్. పువ్వులంటే ఫ్యూర్. డాక్టరు దుతౌర్, డాక్టర్లు దుతూర్. చివర పోయింది మాట నడుమకొచ్చి చేరింది. మనం మాట చివర 'లు' తగిలించి ఊరుకుంటాం, వీళ్ళు లోపలి అచ్చునే మార్చేస్తారు. నేను నోట్సు రాసుకుంటుంటే ఆవిడ మళ్ళీ మళ్ళీ పలికించింది. ఆ 'ఔ' నా నోట సరిగ్గా వచ్చేదాకా కర్ర కింద పెట్టలేదు.

ఇంకోటి చెప్పింది. 'వచ్చాడు' అంటే మనకు చాలు, ఎవరో చెప్పక్కర్లేదు. ఇటాలియన్‌కూ చాలు. బొలోన్యా మాటకు చాలదు. క్రియ ముందు ఒక చిన్న సర్వనామం అతుక్కుని ఉండాల్సిందే. 'అతను ఉన్నాడు' అనడానికి 'లో ల్ ఎ' అంటారు. అతను అని ఒకసారి చెప్పి, ఆ 'ల్'తో మళ్ళీ చెబుతారు. 'నేను ఉన్నాను'కి 'మె అ సన్'. ఇలాంటి వ్యాకరణం ఉన్నదాన్ని పాడైపోయిన ఇటాలియన్ అని ఎలా అన్నారో! ఇటాలియన్ దీనికి తల్లి కాదు. రెండూ లాటిన్ కూతుళ్ళే. ఫ్లోరెన్స్ కూతురికి పట్టాభిషేకం అయి ఇటాలియన్ అనిపించుకుంది, అంతే.

బొలోన్యా మాటకు ఒకప్పుడు గౌరవం తక్కువేమీ కాదు. 1300 తర్వాత తొలి సంవత్సరాల్లో మహాకవి డాంటే, ఇటలీ ఊళ్ళ మాటలన్నిటినీ తూకం వేస్తూ లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. దాంట్లో ఊరి మాటల్లో మేలైనది బొలోన్యాదే కావచ్చన్నాడు. అక్కడే ఇంకో మాట కూడా రాశాడు: ఒకే బొలోన్యాలో ఉంటూ సాన్ ఫెలీచె పేట వాళ్ళూ, పెద్ద వీధి వాళ్ళూ వేరువేరుగా మాట్లాడతారని. పెద్ద వీధి అంటే స్త్రాదా మజ్జోరె, మన వియా ఎమీలియానే, ఊళ్ళోకి వచ్చేసరికి పేరు మార్చుకుంది. మేము ఒక సాయంత్రం సాన్ ఫెలీచె ద్వారం నుంచి అటు చివరి దాకా, వీధి వెంబడి ఇళ్ళ ముందున్న పాత వరండాల కింద నడిచాం. అరగంటకు కాస్త పైగా పట్టింది. బొలోన్యా వరండాలకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దారిలో అసినెల్లీ, గరిసెందా జంట గోపురాలు. గరిసెందా మరీ ఒరిగిందని చుట్టూ కంచె కట్టేశారు. ఏడు వందల ఏళ్ళ కింద ఈ నడక దూరంలో మాట మారేదంటే, ఇప్పుడు మొత్తం ఊళ్ళో ఆ మాట వినబడాలంటే వెతుక్కోవాలి.

ఎందుకిలా అయింది? ఓనరమ్మ కథలోనే జవాబుంది. బళ్ళో ఇంటి మాట పలికితే టీచరు సిగ్గుపడేలా చేసేది. 1954లో టీవీ వచ్చింది. పల్లెలు వదిలి పట్నాల్లో ఫ్యాక్టరీలకు చేరారు, దక్షిణం నుంచి వచ్చినవాళ్ళు పక్కింట్లో దిగారు, అందరికీ తెలిసింది ఇటాలియన్ ఒకటే. ఆవిడ తన పిల్లలతో ఇటాలియన్‌లోనే మాట్లాడింది, వాళ్ళు వెనకబడకూడదని. కొడుక్కి అర్థమవుతుంది, మాట్లాడలేడు. మనవడికి అర్థం కూడా కాదు. "మంచి చేశాననుకున్నాను" అంది. మా ఊళ్ళల్లో పిల్లలతో ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడే తల్లుల్ని చూసినదాన్ని, నాకు ఏమనాలో తోచక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

1999లో ఇటలీ పన్నెండు మైనారిటీ భాషలకు చట్టం చేసింది. అందులో ఎమీలియన్ లేదు. 2014లో ఈ ప్రాంతీయ ప్రభుత్వం సొంత చట్టం చేసింది, అయితే దాంట్లో వాడిన మాట 'యాసలు' అనే. యునెస్కో మాత్రం ఎమీలియన్-రొమాన్యోల్‌ను ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో పెట్టింది. రొమాన్యోల్ అంటే తూర్పున పక్కనే ఉన్న రొమాన్యా సీమ మాట. 2009 నుంచి అంతర్జాతీయ భాషా సంకేతాల్లో ఎమీలియన్, రొమాన్యోల్ వేరువేరు భాషలుగా నమోదయ్యాయి. నాకు మాత్రం వీటన్నిటికంటే ధైర్యమిచ్చింది నిఘంటువులు. 19వ శతాబ్దంలోనే కరొలీనా కొరొనేది బెర్తి అనే ఆవిడ బొలోన్యా మాటలకు పెద్ద నిఘంటువు తయారు చేసింది. మన కాలంలో దానియేలే విటాలి, లుయీజి లేప్రి ఇంకోటి చేశారు, ఉచ్చారణ తప్పకుండా పట్టే లిపితో. పుస్తకాల షాపులో అది కొన్నాను. భాష రాకపోయినా కొన్నాను.

అంతా పోయిందనడానికీ లేదు. ఇటాలియన్ మాట్లాడుతూనే బొలోన్యా కుర్రాళ్ళు చెత్తను రుస్కో అంటారు, కింద నుంచి బెల్లు కొట్టి తలుపు బటన్ నొక్కమనడానికి "తీరో ఇవ్వు" అంటారు. ఇవన్నీ ఆ పాత మాటలే. చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు తవ్వకం పనుల్ని గంటల తరబడి పరిశీలించే రిటైరైన పెద్దమనుషుల్ని ఉమరెల్ అంటారు. ఆ మాట ఈ ఊళ్ళో పుట్టి ఇప్పుడు ఇటలీ అంతా వాడుకలోకి వచ్చింది, నిఘంటువులోకి ఎక్కింది. ఓనరమ్మ ఇంటి ముందు పైపుల పని జరుగుతుంటే అలాంటివాళ్ళు నలుగురు నిలబడ్డారు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నది మాత్రం శుద్ధమైన బొలోన్యా మాట. ఫ్యూర్, దుతూర్ వినబడతాయేమోనని నేనూ కాసేపు పక్కన నిలబడ్డాను. దుతూర్ వినబడింది! ఎవరికో మోకాలి నొప్పి అనుకుంటా.

చివరగా తూర్పున కాస్తెల్ సాన్ పియెత్రో వైపు వెళ్ళాం. అక్కడ సిల్లారో అనే చిన్న నది. ఎమీలియా అక్కడితో సరి, అవతల రొమాన్యా. ఆరో శతాబ్దంలో లాంబర్డులు వచ్చి పడమటి ఊళ్ళు పట్టుకుంటే, తూర్పున రావెన్నా చుట్టుపక్కల కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి పాలన నిలిచింది. రోమ్ సామ్రాజ్యం మిగిలిన నేల కాబట్టి రొమాన్యా అన్నారు. 1948లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం రెంటినీ కలిపి ఎమీలియా-రొమాన్యా అని ఒక ప్రాంతంగా రాసింది. అయినా జనం హద్దు మరవలేదు. దాహమేస్తోందని తలుపు తడితే నీళ్ళిచ్చిన ఇల్లు ఎమీలియాలో ఉన్నట్టు, వైన్ ఇచ్చిన ఇల్లు రొమాన్యాలో ఉన్నట్టు అని అక్కడ సామెత. మేము హోటల్లో కూర్చున్నాం కాబట్టి రెండూ డబ్బులిచ్చే తాగాం.

భాష హద్దు ఈ ప్రాంతపు హద్దుతో సరిపోదు. లొంబార్దీలో చేరిన మాంతొవాలో, తస్కనీలో చేరిన కర్రారా పాలరాతి గనుల దగ్గర కూడా ఈ కుటుంబం మాటలే మాట్లాడతారు. అవి ఈసారి కుదరలేదు. ఎవరైనా వెళ్ళేట్టయితే హైస్పీడ్ రైలు ఎక్కకండి, అది చాలాసార్లు మోదెనా, పార్మా ముఖం చూడకుండా పోతుంది. ప్రాంతీయ రైలు టికెట్ చవక, ప్రతి ఊళ్ళో ఆగుతుంది. దిగిన ప్రతి ఊళ్ళో బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దవాళ్ళను పట్టుకుని, మీ ఊరి పేరు మీ మాటలో ఏమిటని అడగండి. చాలు, ఇక మిమ్మల్ని తొందరగా వదలరు.